నిప్పు తీశాక ఎంతసేపు

ఈ మధ్య ఒకమ్మాయి ఫోన్ చేసింది. కట్టెల పొయ్యిలు తయారుచేసే చోట కొత్తగా ఉద్యోగంలో చేరిందట. వేడిని పట్టి ఉంచే పదార్థాలు రెండు మూడు కలిపి పొయ్యిలు కడితే, వాటిలో ఏది మేలో ఎలా తేల్చాలి సార్ అని అడిగింది. గుడివాడలో ఎవరో నా నంబరు ఇచ్చి, "ఆయన జీవితమంతా పొయ్యిలో పెట్టాడు, ఆయన్నే అడగండి" అన్నారట. వినడానికి ఎలా ఉన్నా ఆ మాట నిజమే.

అరగంట చెప్పాను. కట్టె తూకం ఎలా వేయాలి, కట్టెలో తడి ఎంతుందో ఎలా చూడాలి, ఒకే గిన్నె ఎందుకు వాడాలి, గాలి ఉన్న రోజు లెక్కలు ఎందుకు కొట్టేయాలి. పాపం, శ్రద్ధగా రాసుకుంది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ వంటింట్లోంచే అంది, "అంతసేపు ఉపన్యాసం ఇచ్చారు గానీ, నాంచారమ్మ గారి సంగతి చెప్పలేదేం?"

చెప్పలేదు. ఆ పేరు లేకుండా నేను చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదువుకుంటే చాలు. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు.

గుడివాడ షెడ్డు

పొయ్యిలు పరీక్షించే మా షెడ్డు రైసు మిల్లుల వెనక ఉండేది. పైన రేకులు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఖాళీ. మిల్లుల నుంచి ఊక బూడిద గాలికి లేచి వచ్చి మా చొక్కాల మీద వాలేది. నాకు ఆ బూడిద ఉచితంగా దొరికిన ముడిసరుకు. చొక్కాలు ఉతికేది మా ఆవిడ కాబట్టి ఆవిడ అభిప్రాయం వేరుగా ఉండేది.

పొయ్యి అంటే మట్టే కదా అనుకుంటారు. మట్టిలో ఏం కలిపామన్నదే అసలు పొయ్యి. కలిపేవాటిలో రెండు జాతులున్నాయి. మొదటివి వేడిని తాగి లోపల దాచుకునేవి: ఇటుక, పెంకు ముక్కలు, ఇసుక, బరువైన నల్లమట్టి. రెండోవి వేడిని తమను దాటి పోనివ్వనివి: ఊక, ఊక బూడిద, ఉయ్యూరు వైపు నుంచి వచ్చే చెరుకు పిప్పి, అలాంటి గుల్ల సరుకు. మొదటి జాతితో కట్టిన పొయ్యి, తను వేడెక్కడానికే బోలెడు కట్టె తినేస్తుంది. ఎక్కాక మాత్రం ఒక పట్టాన దిగదు. రెండో జాతితో కడితే గిన్నెకు వెంటనే సెగ తగుల్తుంది, కట్టె ఆదా అవుతుంది. మంట తీయగానే చల్లారుతుంది. మరి రెండూ కలిపితే? దేన్ని ఎంత కలపాలి, దేన్ని లోపల పెట్టాలి, దేన్ని బయట పెట్టాలి? నా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నే.

పరీక్ష మాత్రం చాలా సులువుగా ఉండేది. ఒకే గిన్నె, ఒకే కొలత నీళ్లు. కట్టె తూచి పెట్టడం, నీళ్లు తెర్లేదాకా గడియారం చూడటం, మిగిలిన కట్టె, బొగ్గు మళ్లీ తూచడం. తక్కువ కట్టెతో త్వరగా నీళ్లు మరగబెట్టిన పొయ్యి గెలిచినట్టు. ఊక బూడిద కలిపిన తేలిక పొయ్యి ప్రతిసారీ గెలిచేది. మేమంతా దాన్ని 'మోడల్' అనేవాళ్లం.

మీరు గమనించారో లేదో, ఇందులో వంట లేదు. నీళ్లే ఉన్నాయి. పొయ్యిల మీద ఉద్యోగం చేస్తూ, పొయ్యి మీద వంట అవుతుండగా నేను కొన్నేళ్లపాటు చూడనే లేదు. పరాయి మగవాడు వంటింటి గడపలో నిలబడితే పొయ్యి దగ్గరున్న ఆవిడ లేచి నిలబడేది, కొంగు సర్దుకునేది, గిన్నె దించేసేది. నేను చూసినవన్నీ ఆగిపోయిన వంటలు.

ఇంజనీరు గారు

మా పై అధికారి ఇంజనీరు గారు. పేరు రాయను, ఆయన ఉంటే రాయొద్దనేవారు. చేరిన కొత్తలో ఒకరోజు టీకి వెళ్లి ఆలస్యమై, నీళ్లు ఎప్పుడు తెర్లాయో చూడలేదు. ముందురోజు అంకె కాస్త మార్చి రాసేశాను. సాయంత్రం ఆయన మిగిలిన బొగ్గు తూకం చూసి, నా అంకె చూసి, కళ్లజోడు తీశారు.

"నీకు నచ్చిన అంకె వద్దయ్యా. వచ్చిన అంకె రాయి."

మర్నాడు ఆ పరీక్ష మొత్తం నా చేత మూడుసార్లు చేయించారు. నేను ఎండలో నిలబడితే ఆయనా పక్కనే నిలబడ్డారు. నేను అన్నం తినలేదని ఆయనా తినలేదు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం అదృష్టమే. కానీ ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అంకె నిజమా కాదా అన్నది ఆయన నేర్పారు, ఆ అంకె ఎవరికి కావాలన్నది నేర్పలేదు. ఆయనకీ ఎవరూ నేర్పి ఉండరు.

నేను పగలగొట్టిన పొయ్యి

మోడల్ పొయ్యిని ఊళ్లకు తీసుకెళ్లే పని మొదలైంది. నాకు దివిసీమ వచ్చింది. పామర్రులో బస్సు మారి, అవనిగడ్డలో మళ్లీ మారి, నాగాయలంక దాటాక అద్దె సైకిలు మీద కరకట్ట పట్టుకుని పోవాలి. ఒక పక్క వరి, ఒక పక్క ఉప్పునేల, ఎదురుగాలి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గాలి ముఖానికి తగుల్తుంది.

సముద్రం మీదికి వేటకు పోయేవాళ్ల చిన్న ఊరది. అక్కడ నాంచారమ్మ గారిల్లు. అప్పటికి ఆవిడకీ నాకూ దాదాపు ఒకటే వయసు. సన్నగా, చురుగ్గా ఉండేది, మాట అంతకంటే చురుకు. భర్త కోటయ్య వేటకు పోయేవాడు. ఇంటి వెనక తాటాకు పాకలో ఆవిడ పొయ్యి, పడుకున్న దూడంత ఉంది. నల్లమట్టి, లోపల ఎక్కడ చూసినా పాత కుండ పెంకులు, ఇసుక. కొత్త లెక్కల ప్రకారం అన్నీ తప్పులే.

"ఇది కట్టె తినేస్తుందమ్మా" అన్నాను.

"తింటదండి, నిజమే" అంది.

అంతే, ఒప్పుకున్నట్టే అనుకున్నాను. గునపం తీసుకున్నాను. "ఒక్క నిమిషం ఆగండి మాస్టారూ" అని లోపలికి వెళ్లి పసుపు నీళ్లు తెచ్చి పొయ్యి మీద చల్లింది. గిన్నె ఆనే మూడు గడ్డల మీదా చేయి పెట్టి కళ్లకద్దుకుంది. తర్వాత పక్కకు తప్పుకుంది. ఆ నిమిషంలో నేను చేసిందేమిటంటే, గడియారం చూసుకోవడం. పొయ్యి నోటి దగ్గర ఆనించి ఉన్న పెద్ద కుండ పెంకును చెత్త అనుకుని కాలవలోకి విసిరేశాను.

ఇంజనీరు గారు వచ్చిన రోజున కొత్త పొయ్యి మీద ఊరందరి ముందు నీళ్లు పెట్టాం. సన్నటి ఎండు సరుగుడు పుల్లలు కణకణా మండాయి. గొట్టంలోంచి పొగ బయటికి పోయింది. నీళ్లు ఇట్టే తెర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ గారు కూడా నవ్వింది. నేను తిరుగు దారిలో సైకిలు మీద పాట పాడుకున్నాను.

పొగ బయటికి పంపాలన్న మాట తప్పు కాదు, అది ఇప్పటికీ చెబుతాను. ఆ పొగతో కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లను చూశాను. మా తప్పు వేరేచోట ఉంది.

చెప్పకుండా వెళ్లిన రోజు

కొన్ని నెలల తర్వాత పక్క ఊళ్లో పని ఉండి, కబురు పెట్టకుండానే అటు వెళ్లాను. మధ్యాహ్నం మూడు దాటింది. పడవ అప్పుడే వచ్చినట్టుంది. కోటయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతుల మీద ఉప్పు తెల్లగా ఎండి చారలు కట్టింది. ముందు కంచం ఉంది, కంచంలో ఏమీ లేదు. వెనక పాకలో నాంచారమ్మ గారు నా మోడల్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతోంది. పచ్చి కొబ్బరిమట్ట మండటం లేదు. పాక నిండా పొగ.

నన్ను చూసి లేచి నిలబడింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు ముఖం పెట్టింది.

"అయ్యో, వత్తన్నట్టు కబురైనా పెట్టలేదేంటండి?"

అని గబగబా లోపలికి వెళ్లి, అటక మీంచి ఎండు సరుగుడు కట్ట తెచ్చింది.

"అదెక్కడిదమ్మా?"

"మీరొచ్చినప్పటికని దాచిందండి. మీ ముందర పచ్చిమట్ట పెడితే ఏం బాగుంటది?"

దివిసీమలో నేను కొలిచిన ప్రతి ఇంట్లోనూ ఇంతే అయి ఉండాలి. చుట్టం వస్తే మంచి బియ్యం తీసినట్టు, మేం వస్తే మంచి కట్టె తీశారు. నా అంకెలన్నీ వచ్చిన అంకెలే, నచ్చిన అంకెలు కావు. కానీ అవి వాళ్ల మర్యాద కొలతలు, పొయ్యి కొలతలు కావు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆ రోజు పొయ్యి వెలిగించడం అది మూడోసారట. ఎందుకమ్మా అని అడిగాను.

"పడవ ఎప్పుడొచ్చుద్దో ఎవరికి తెలుసండి? పదింటికి రావచ్చు, నాలుగింటికి రావచ్చు. పాత పొయ్యి మీద పొద్దున్నే అన్నం వార్చి, నిప్పు లాగేసి, నోటికి పెంకు అడ్డం పెట్టేదాన్ని. ఎప్పుడొచ్చినా మూత తీత్తే పొగలు కక్కేది. రాత్రనగా పోయినోడికి అన్నమన్నా ఏడిగా పెట్టాలి కదండి."

"మరి ఈ పొయ్యి?"

"మీ పొయ్యి మంచిదేనండి. మంట ఉన్నంతసేపూ దాన్ని మించింది లేదు. ఆరిందంటే మాత్రం మనల్ని ఎరగదు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను. గొంతు పెద్దదైంది. తప్పు చేసినవాడి గొంతు అలాగే అవుతుంది.

"మీరు అడగలేదు కదండి. అంత దూరం నుంచి వచ్చి, గునపం కూడా మీరే పట్టుకుంటే వద్దని ఎట్టా అంటాం?"

పాతది మళ్లీ కట్టుకోవచ్చుగా అంటే, అది ఆవిడ అత్తగారి చేతి పొయ్యి అని చెప్పింది. అత్తగారు పోయారు. ఆ నల్లమట్టి తెచ్చిన చోట రొయ్యల చెరువులు తవ్వారు. ఇప్పుడక్కడ ఉన్నదంతా ఉప్పుమట్టి, పొయ్యి కడితే వారంలో నెర్రెలిస్తుంది. ఆవిడ రెండుసార్లు ప్రయత్నించిందట.

కోటయ్య ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. ఆ రోజు ఆయనకు చల్లన్నమే వడ్డించింది. మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

"నేను కట్టిస్తానమ్మా. తక్కువ కట్టె తినేది, మంట తీశాక కూడా వేడి నిలిచేది" అన్నాను.

"కట్టండి. తొందరేం లేదులెండి" అని నవ్వింది. నా మీద జాలి పడి నవ్వినట్టు అనిపించింది.

వెనక పేజీలు

గుడివాడ వచ్చి ఇంజనీరు గారికి అంతా చెప్పాను. మర్యాద కట్టె సంగతి విని కళ్లజోడు తీశారు. తర్వాత దివిసీమ నివేదిక తీసి, ఇది నమ్మదగ్గది కాదని ఆయనే పైకి రాసేశారు. దానివల్ల ఆయన చాలా మాటలు పడ్డారు. ఎవరు రాస్తారు అలా? నేనైతే రాసేవాణ్ణి కాదేమో.

కానీ రెండో సంగతి ఆయనకు ఎక్కలేదు.

"మంట ఆరిపోయాక మనకేం పనయ్యా? మన ఫారంలో ఆ గడే లేదు."

"గడి గీద్దాం సార్."

ఆయన కాసేపు పెన్ను తిప్పారు. "పుస్తకం వెనక పేజీల్లో రాసుకో. నేను చూడను. వద్దని కూడా అనను."

అలా మొదలైంది. పగలు ముందు పేజీల ఉద్యోగం, ఖాళీ దొరికితే వెనక పేజీల ఉద్యోగం. అన్నం వండి, నిప్పు తీసి, ప్రతి అరగంటకూ మూత తీసి చూడటం. థర్మామీటరు ఉంది గానీ, నేను వేలు కూడా పెట్టి చూసేవాణ్ణి. తినేది వేలితోనే కదా.

ఎన్ని కలిపానో! ఇసుక ఎక్కువైతే పొయ్యి కూలింది. సిమెంటు కలిపితే బీటలు వారింది. కృష్ణ ఒడ్డు గులకరాళ్లు వేడి బాగా పడతాయని తెచ్చి కూర్చితే, లోపల తడి ఉండి టపాకాయల్లా పేలాయి. గిన్నె మూత ఎగిరి మిల్లు గోడకు తగిలింది. మిల్లు గుమస్తా వచ్చి, "మాస్టారూ, మీరు వండేది అన్నమేనా?" అని అడిగి వెళ్లాడు. ఇంటి దొడ్లో కూడా ఒకటి కట్టాను. మూడు నెలలు మా ఇంట్లో మధ్యాహ్న భోజనం ఎన్నింటికో ఎవరికీ తెలియదు. "ఆకలేస్తోందండీ" అంటే "ఇంకో గంట ఆగు, చూద్దాం" అనేవాణ్ణి. మా ఆవిడ నాతో కాపురం చేసిందంటే అది ఆవిడ గొప్పతనం.

నా పెద్ద తప్పు మాత్రం ఇది. ఊక బూడిద మెత్తన, పెంకుల మట్టి గట్టి. బయట దెబ్బలు తగులుతాయి కాబట్టి గట్టిది బయట, మెత్తనిది లోపల పెడుతూ వచ్చాను. ఏ మందంలో పెట్టినా వేడి నిలవలేదు. రెండేళ్లు ఇదే తిప్పలు పడ్డాను.

దాన్ని విప్పినాయన పెడనలో కలంకారీ అద్దకం చేసే పెద్దాయన, దుర్గారావు గారు. రాగి డేగిసాలో బట్ట ఉడకబెట్టేటప్పుడు సెగ ఒక్కసారి ఎక్కకూడదు, ఒక్కసారి దిగకూడదు, లేకపోతే ఎరుపు చెడుతుంది. ఆయన పొయ్యి గోడ చూద్దామని వెళ్లి, నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన బట్ట తిప్పుతూనే విన్నాడు.

"చలికాలంలో దుప్పటి ముందు కప్పుకుని, కుంపటి దాని అవతల పెట్టుకుంటామా అండీ? కుంపటి లోపల ఉండాలి, దుప్పటి పైన ఉండాలి" అన్నాడు.

అంతే. బస్సెక్కి గుడివాడ వచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మంట పక్కన పెంకుల మట్టి, దాని చుట్టూ నాలుగు వేళ్ల మందం ఊక బూడిద, దానిపైన గడ్డి కలిపిన మట్టి పూత. నోటికి గట్టిగా సరిపోయే మట్టి బిళ్ల, గొట్టానికి ఇంకోటి. అదే, నేను కాలవలోకి విసిరేసిన పెంకు చేసే పని. పాత పొయ్యి కంటే చాలా తక్కువ కట్టె తిన్నది. మోడల్ కంటే కాస్త ఎక్కువ. నిప్పు తీసేసిన నాలుగు గంటలకు మూత తీస్తే ఆవిరి నా కళ్లజోడును కమ్మింది.

షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. గట్టిగా అరిచాను. చెప్పుకోవడానికి ఇంజనీరు గారు లేరు. అంతకుముందు వేసవిలోనే పోయారు. వెనక పేజీలు చూడనన్న మనిషి, ఆ రోజు ఉంటే చూసేవారని నా నమ్మకం. చూపించాలని ఇప్పటికీ మనసు కొట్టుకుంటుంది.

వెళ్లకపోవడం

అక్కణ్ణుంచి నేరుగా దివిసీమ వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఇంతలో పొయ్యిల పని మూసేశారు, నన్ను వేరే పనిలో వేశారు. ఊరూరా గ్యాసు వచ్చేసింది. ఇంకా ఎవరికి కావాలిలే అనుకున్నాను. నిజానికి సిగ్గు. అంత ఆలస్యంగా ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? ఏడాది తర్వాత ఏడాది అలాగే జరిగింది. అవతలి మనిషికి అవసరం తీరిపోయి ఉంటుందని మనమే తీర్మానం చేసేసి, ఇచ్చిన మాట పక్కన పెట్టేయకండి. ఈ వ్యాసంలో సలహా అంటూ ఏదైనా ఉంటే ఇదొక్కటే.

రిటైరయ్యాక బెంగ పట్టుకుంది. పొద్దున లేస్తే చేతికి మట్టి అంటదు, ముక్కుకు పొగ తగలదు. మా ఇంట్లో నీలం మంట, చప్పుడు లేకుండా వెలుగుతుంది, చప్పుడు లేకుండా ఆరుతుంది. ఆ కరకట్ట, ఆ ఎదురుగాలి, అరుగుల మీద ఇచ్చిన మజ్జిగ, "పొయ్యిల మాస్టారొచ్చాడే" అన్న కేక, ఇవన్నీ ఒక్కసారి మళ్లీ కావాలనిపించేది. అన్నిటికంటే ఎక్కువగా ఆ ఖాళీ కంచం గుర్తొచ్చేది.

"వెళ్లి రండి. ఈ కథ ఇంక నేను వినలేను" అంది మా ఆవిడ.

నాంచారమ్మ గారి దొడ్డి

ఊక బూడిద బస్తా, పెంకు ముక్కలు, మంచి బంకమట్టి అవనిగడ్డలో ఆటోలో వేసుకుని వెళ్లాను. తాటాకిల్లు పోయి డాబా వచ్చింది. నాంచారమ్మ గారి జుట్టు పూర్తిగా నెరిసింది. చూపు మాత్రం అదే.

"పొయ్యిల మాస్టారు కాదూ! ఇన్నేళ్లకా అండీ!"

మాట నిలబెట్టుకోవడానికి వచ్చానని చెప్పాను. ఆవిడ బస్తాల వంక, నా వంక చూసింది.

"ఇప్పుడు ఆయన ఎక్కడికీ పోడండి. మోకాళ్లు పోయి వేట మానేసి చానాళ్లయింది. పన్నెండు కొట్టేసరికి కంచం ముందు కూకుంటాడు. ఇంక పొయ్యి ఎవరి కోసం ఏడిగా ఉండాలి?"

గ్యాసు పొయ్యి వంటింట్లో మెరుస్తోంది. బస్తాలు తిరిగి ఆటోలో వేసుకుందామా అనిపించింది. లోపలి మంచం మీంచి కోటయ్య గొంతు వినబడింది.

"కట్టనియ్యవే. మాటిచ్చాడంటన్నాడుగా."

రెండు రోజులు కట్టాను. మట్టి తొక్కడం నాంచారమ్మ గారే చేసింది, నా కాళ్ల మీద నమ్మకం లేదంది. ఆరడానికి వదిలి, రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆవిడ పొయ్యి అలికి ముగ్గు పెట్టి ఉంచింది.

"ఏ కట్టె పెట్టమంటారు?" అంది.

"రోజూ దొరికేదే పెట్టండమ్మా. నన్ను చుట్టాన్ని చేయకండి."

కొబ్బరిమట్టలు, తుమ్మ పుల్లలు పెట్టింది. అన్నం, చేపల పులుసు అయ్యేసరికి పది. నిప్పు మొత్తం బయటికి లాగి నీళ్లు చల్లింది. నోటికి మట్టి బిళ్ల అడ్డం పెట్టి, గొట్టం మూసి, గిన్నెలు పొయ్యి మీదే వదిలేశాం. ఇంక చేయాల్సిందేమీ లేదు.

పన్నెండయింది. నాంచారమ్మ గారు అలవాటుగా కంచం తీసింది. కోటయ్య కంచం వంక చూశాడు, పొయ్యి వంక చూశాడు. లేచి తువ్వాలు భుజాన వేసుకుని చేతికర్ర అందుకున్నాడు.

"ఎక్కడికయ్యా ఈ ఎండలో?"

"రేవు దాకా."

"ఎప్పుడొత్తావ్?"

"తెలవదు" అన్నాడు. వెనక్కి తిరగకుండా కుంటుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

నాంచారమ్మ గారు ఒక క్షణం నన్ను చూసింది. తర్వాత గుమ్మంలోకి వెళ్లి, ఆయన మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. తిరిగి వచ్చి కంచం బోర్లించింది.

మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ ఆ రోజులన్నీ చెప్పింది. గాలి మారితే గుండె ఎలా కొట్టుకునేదో, పక్కింటి పడవ వచ్చి తమది రాకపోతే ఎలా ఉండేదో. మధ్యలో లేచి వీధి చివర దాకా వెళ్లి చూసి వచ్చేది. మంచం మీద కోటయ్య ఫోన్ మోగింది. "ఇక్కడే వదిలేసి పోయాడు సూడండి" అంది కోపంగా. ఆ కోపంలో ఆవిడ ముఖం ఎంత చిన్నదైపోయిందంటే, నేను చూపు తిప్పుకున్నాను.

రెండు దాటాక కర్ర చప్పుడైంది. కోటయ్య చెమటతో తడిసి వచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఆవిడ గిన్నె మోసుకొచ్చి ఆయన ముందు పెట్టి, మూత తీయకుండానే నన్ను పిలిచింది. ఇన్నేళ్ల వెనక పేజీలన్నీ ఆ మూత కింద ఉన్నాయి. అప్పుడు మూత తీసి వడ్డించింది.

"ఏడిగానే ఉందిలే, నువ్వూ తిను" అన్నాడు కోటయ్య, కంచం వంక చూడకుండానే.

అని, అప్పుడు అన్నంలో చేయి పెట్టాడు. "అబ్బా" అని వేళ్లు వెనక్కి లాక్కున్నాడు.

నాంచారమ్మ గారి చేతిలో గరిట ఆగిపోయింది.

"ముట్టుకోకుండానే ఏడిగా ఉందన్నావే?"

కోటయ్య వేళ్లు ఊదుకుంటున్నాడు. "అలవాటే."

"ఎన్నాళ్ల నుంచి? వేట రోజుల్లో కూడా ఇట్టాగే అన్నావా?"

ఆయన అన్నం కెలికి, చల్లారడానికి ఒక పక్కకు జరుపుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ ముందు నవ్వింది. తర్వాత కొంగు కళ్లకు ఒత్తుకుని అటు తిరిగింది. పొగ అని చెప్పుకోవడానికి కూడా లేదు, పొయ్యిలో నిప్పు తీసేసి నాలుగు గంటలు దాటింది.